నూనె రాయని చేతులు

"అన్నం మానేస్తే జరిగింది జరగకుండా పోద్దా? లేచి తిను."

జయకుమారి కంచాన్ని కొడుకు ముందుకి మరోసారి జరిపింది. ప్రభు కదల్లేదు. నిన్న సాయంత్రం గోడకి ఆనుకుని మోకాళ్ళు రొమ్ముకి లాక్కుని ఎట్లా కూర్చున్నాడో, ఇప్పుడూ అట్లాగే ఉన్నాడు. పదహారేళ్ళ పిల్లాడు. ఒక్క రాత్రికే ముఖం పీక్కుపోయింది.

వాకిట్లో ఎలీషా తువ్వాలు దులుపుతున్నాడు. దులిపిందే దులుపుతున్నాడు.

"మీ సంఘ పెద్దలు సాయంత్రం రమ్మన్నారంట," గుమ్మం పట్టుకుని నిలబడి పక్కింటి వెంకటరావమ్మ చెప్పింది. "పాలెమంతా ఇదే మాటమ్మా. సంజీవరావు గారి కూతురు చర్చి హాల్లోంచి మొహం కప్పుకుని, కేకలు పెట్టుకుంటా బయటికి పరిగెత్తిందంట. ఆ వెనకాలే మీ వాడు. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళందరూ చూశారు."

"లోపల జరిగింది కూడా చూశారా వదినా?"

"లోపల జరిగింది ఎవరు చూస్తారు? చూస్తే ఇంత గొడవ ఎందుకు?" వెంకటరావమ్మ గొంతు తగ్గించింది. "మగపిల్లాడికి ఆ డాన్సేందో, కాళ్ళకి అతుక్కుపోయే ఆ లాగులేందో... నేను ముందే అనుకున్నా. పైకి అనలా."

"ఇప్పుడు అన్నావుగా. ఇంక వెళ్ళు."

వెంకటరావమ్మ వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఎలీషాతో కూడా రెండు మాటలు ఆడాలని చూసింది. అతను తల ఎత్తలేదు.

జయకుమారి తలుపు దగ్గరగా వేసి వచ్చి కొడుకు ఎదురుగా కింద కూర్చుంది.

"నేను నీ తల్లిని. పెద్దల ముందు ఏం చెబుతావో తర్వాత. నాకు చెప్పు. ఏం జరిగింది?"

"ఎత్తానమ్మా. అంతే."

"ఎత్తడమేందిరా?"

"బ్యాలే డాన్సులో ఉంటుంది. మగవాళ్ళు ఆడవాళ్ళని పైకి ఎత్తుతారు. స్తుతి ఫోన్లో చూసింది. నిన్న ఆడపిల్లల క్లాసు అయిపోయాక అందరూ వెళ్ళారు, తను ఆగింది. క్రిస్టీనా మేడంని పాస్టరమ్మగారు పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళింది. నేను అప్పుడే కల్లం నుంచి వచ్చాను. ఒక్కసారి ఎత్తు, పైనుంచి ఎట్లా ఉంటుందో చూస్తానని అడిగింది."

"అడిగితే ఎత్తేశావా?"

"ఎత్తాను. మిరప బస్తా కంటే తేలిక."

ఆ మాటకి ఇంకో రోజైతే ఆమెకి నవ్వొచ్చేది.

"చేతులు పట్టుకుని దించాను. తనకి చెమట పట్టింది. రెండు చేతులతో మొహం తుడుచుకుంది. అంతేనమ్మా. కళ్ళు మండుతున్నయ్యని కేక పెట్టి కుళాయి దగ్గరికి పరిగెత్తింది. అప్పటిదాకా నాకు గుర్తే లేదు. నా చేతులకి కారం ఉంది."

జయకుమారి చెయ్యి కంచం అంచు మీద ఆగిపోయింది.

పాలెంలో పుట్టినవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. మిరప కల్లంలో పనిచేసిన చేతులకి ముందు నూనె పట్టించాలి. తర్వాతే సబ్బు, ఆ తర్వాతే నీళ్ళు. నూనె లేకుండా ఎన్నిసార్లు కడిగినా కారం చేతిని వదలదు. నూనె రాసుకోకుండా ఎవరూ కల్లం దాటరు. ఆ చేతులతో పసిపిల్లల్ని ఎత్తుకోరు. కంట్లో నలుసు పడినా ముట్టుకోరు.

"నూనె రాసుకోలేదా?"

"సీసా ఏదీ, సంచిలో లేదుగా. క్లాసుకి టైమైపోయిందని సబ్బుతో కడుక్కుని వచ్చేశాను."

ఆమె తల తిప్పి గూట్లోకి చూసింది. కొబ్బరినూనె సీసా అక్కడే ఉంది. నిన్న పొద్దున హడావుడిలో సంచిలో పెట్టడం తనే మరిచిపోయింది. సాయంత్రం ఎలీషా ఇంటికొస్తూనే అరిచాడు, ఒళ్ళంతా మంటలు పుట్టి చచ్చాం, నీకు సీసా పెట్టడం కూడా చాతకాదా అని. ఆ అరుపు ఇంకా ముగియలేదు, సంజీవరావు తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

నిన్నటి నుంచి మొదటిసారి ఆమె గుండె కాస్త కుదుటపడింది.

"ఇది నా తప్పురా నాయనా. నీది కాదు. నేను సీసా పెట్టకపోబట్టి వచ్చింది ఇదంతా. సాయంత్రం మీ నాన్న చెబుతాడు. పక్కనే ఉన్నాడు గదా. ఆయన మాటంటే పెద్దలకి గురి." గొంతు పెంచింది. "ఏవయ్యా, విన్నావా?"

వాకిట్లో తువ్వాలు దులపడం ఆగింది.

"విన్నాలే," అన్నాడు ఎలీషా.

"అమ్మా, స్తుతి ఎత్తమందని మాత్రం అక్కడ చెప్పొద్దు. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే టైంలో హాల్లో ఉండకూడదని పెద్దలు ముందే అన్నారు. కావాలని ఆగిందని తెలిస్తే వాళ్ళ నాన్న కాలేజీ మాన్పిస్తాడు."

"మరి నిన్ను అడుగుతారు గదరా?"

"నేనే ఎత్తానంటా."

కంచం దగ్గరికి లాక్కున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. అవి కూడా తల్లి చూస్తోందని.

*

చర్చి సండే స్కూలు హాల్లో గోడ పొడవునా ఒక ఇనప గొట్టం బిగించి ఉంది. పిల్లలు పట్టుకుని కాళ్ళు సాధన చెయ్యడానికి క్రిస్టీనా పెట్టించింది అది. పెద్దలు ముగ్గురూ కుర్చీలు ఆ గొట్టానికి వీపు పెట్టి వేసుకున్నారు. మధ్యలో పాస్టరు అయ్యగారు. ఆడవాళ్ళు వెనక చాపల మీద కూర్చున్నారు.

క్రిస్టీనాదీ ఈ పాలెమే. బెంగళూరులో టీచరుగా చేస్తూ అక్కడే బ్యాలే నేర్చుకుంది. మోకాలు దెబ్బతిన్నాక ఊరికి తిరిగొచ్చి చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటలు నేర్పుతోంది. సాయంత్రాలు ఇక్కడ.

"ఆడపిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చారండి," నిలబడే చెప్పింది. "మగపిల్లల కోసం నేనే కబడ్డీ గ్రౌండుకి వెళ్ళాను. ఆడోళ్ళ డాన్సు మాకెందుకు మేడం అన్నారు. సరే, నేను ఒక పాట పాడతాను, అయిపోయేదాకా ఒంటికాలి మునివేళ్ళ మీద నిలబడండి చాలు అన్నాను. పల్లవి కూడా దాటలేదు ఒక్కడూ. అందరూ పడ్డారు. మర్నాడు నలుగురు వచ్చారు, పంతం పట్టి. కొన్నాళ్ళకి పంతం పోయింది, ఇష్టం మిగిలింది."

"ఇప్పుడు ఎంతమంది మిగిలారమ్మా?" సంజీవరావు అడిగాడు. స్తుతి తండ్రి అతనే. పేటలో స్పిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. సంఘ పెద్ద.

క్రిస్టీనా గోడకున్న గొట్టం వైపు చూసింది.

"ఇద్దరు పోయిన నెలలోనే మానేశారు. టీ కొట్టు దగ్గర ఈలలు భరించలేక. షఫీక్ ఇవాళ పొద్దున మానేశాడు. వాళ్ళ నాన్న ఇమాం హుస్సేన్ గారు పిల్లలందరికీ లాగులు తనే కుట్టి ఇచ్చాడు. కొడుకు లాగు తెచ్చి నా చేతిలో పెట్టి, ఏమనుకోవద్దమ్మా, మేమసలే బయటివాళ్ళం అన్నాడు. ఇంక ప్రభు ఒక్కడే."

"వాడూ మానేస్తాడు."

"ఎల్లుండి శనివారం మంగళగిరిలో పరీక్ష ఉందండి. బెంగళూరు డాన్సు స్కూలు వాళ్ళు వస్తున్నారు. బ్యాలేకి మగపిల్లలు దొరకరు. అందుకని వచ్చినవాళ్ళకి చదువు, హాస్టలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మన పిల్లల్ని మనం బరువులు మొయ్యడానికే పెంచుతున్నాం అయ్యగారూ. ఇంకోటి కూడా చేతనవుద్దని వాళ్ళకి తెలియాలిగా?"

"చేతనైంది ఏందో చూశాం గదా," అన్నాడు సంజీవరావు.

వెనక చాపల మీద ఎవరో గాజులు సర్దుకున్నారు.

అతని గొంతులో వెటకారం ఆ ఒక్క మాటకే అయిపోయింది. తర్వాత వచ్చింది వేరే గొంతు. "నిన్నటినుంచి నా బిడ్డ మంచం దిగలేదండి. కళ్ళు వాచిపోయినయ్. ఏం జరిగిందమ్మా అంటే గోడ వైపు తిరుగుతుంది. తల్లి అడిగినా అంతే. ఆడపిల్ల తండ్రిని. నేనేమనుకోవాలి? మీరే చెప్పండి."

జయకుమారికి కూడా ఆ క్షణం అతని మీద కోపం రాలేదు.

"ప్రభూ, నువ్వు చెప్పు," అన్నారు అయ్యగారు.

ప్రభు లేచాడు. తల్లికి చెప్పినట్టే చెప్పాడు, ఒక్క మాట తప్ప. "నేనే ఎత్తానండి. చేతులు పట్టుకుని దించాను. నా చేతులకి కారం ఉంది. తను మొహం తుడుచుకుంది. కళ్ళు మండినయ్."

"ఎవరడిగారు నిన్ను ఎత్తమని?"

"ఎవరూ అడగలేదండి."

"మేడం లేనప్పుడు, ఎవరూ లేనప్పుడు, ఎవరూ అడక్కుండా నువ్వే ఎత్తావు."

"అవునండి."

సంజీవరావు కళ్ళు మూసుకున్నాడు.

రెండో పెద్ద ముందుకి వంగాడు. "కారం అంటున్నావు. ఏరా, నువ్వు పుట్టింది ఎక్కడ? కల్లంలో నూనె రాసుకోకుండా బయటికి వచ్చే మనిషి ఈ పాలెంలో ఉన్నాడా? దొరికింది గదా అని కారం మీద నెట్టేస్తే నమ్మడానికి మేమేమన్నా పట్నపోళ్ళమా?"

"నిన్న నూనె లేదండి."

"వాడిని గద్దించకండి," అయ్యగారు చెయ్యెత్తారు. ఆయనకి ఈ గొడవ ఎట్లాగోలా మంచిగా ముగిసిపోవాలని ఉన్నట్టు ముఖంలోనే తెలుస్తోంది. "కారమే అయితే ఇది ప్రమాదం. మందలించి వదిలేద్దాం. సంజీవరావు గారూ, అప్పుడు మీ మనసూ కుదుటపడుతుంది. దీనికి సాక్షి ఉన్నాడు గదా. ఎలీషా, నిన్న కల్లంలో నువ్వు వాడి పక్కనే ఉన్నావు. మీ వాడు వచ్చేముందు నూనె రాసుకున్నాడా, లేదా?"

ఎలీషా లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. మళ్ళీ విప్పాడు.

జయకుమారి అతని పెదాల వైపే చూస్తోంది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ నోటి నుంచి అబద్ధం వినలేదు ఆమె. తూకం దగ్గర గానీ, కూలి దగ్గర గానీ ఎలీషా మాటంటే రైతులు కూడా ఇంకొకర్ని అడగరు.

"రాసుకున్నాడండి," అన్నాడు ఎలీషా.



ప్రభు తండ్రి వైపు తిరిగాడు. కోపంగా కాదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసినట్టు, అంతే.

జయకుమారి చాప మీద నుంచి సగం లేచింది. నోరు తెరిచింది. ప్రభు ఆమెని చూసి తల అడ్డంగా ఊపాడు. చాలా కొంచెం. వద్దు అని.

ఆమె కూర్చుండిపోయింది.

తర్వాత అయ్యగారు చెప్పిన మాటలు ఆమెకి దూరం నుంచి వినిపించినట్టు వినిపించాయి. హాలుకి తాళం. ఆదివారం ఆరాధనలో ప్రభు సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలి. అప్పటిదాకా ఆ కుటుంబం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు.

"ఏమని ఒప్పుకోవాలండి?" క్రిస్టీనా అడిగింది.

"కారం అని అబద్ధం ఆడాడు గదమ్మా," అయ్యగారు బాధగా అన్నారు. "ముందు అది ఒప్పుకుంటే మిగతాది దేవుడే చూసుకుంటాడు."

*

మర్నాడు కల్లంలో పని ఆగదు. ఎండిన కాయ ఎవరి కోసమూ ఆగదు.

ఎర్రగా పరుచుకున్న మిరపకాయల మధ్య ముగ్గురూ ఒక బస్తా దగ్గర ఉన్నారు. గోతం మూతిని ఒకవైపు ఎలీషా, ఒకవైపు జయకుమారి పట్టుకున్నారు. లోపల ప్రభు నిలబడి తొక్కుతున్నాడు. మడమతో తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. మునివేళ్ళతో తొక్కాలి, మెత్తగా, అన్ని మూలలకీ తిరుగుతూ. ఎలీషాకి మోకాళ్ళు లొంగక రెండేళ్ళుగా ఆ పని కొడుకే చేస్తున్నాడు. వీడి కాళ్ళు చూసే కబడ్డీ గ్రౌండులో క్రిస్టీనా ముందు వీడి దగ్గరికే వచ్చింది.

తెల్లవారినప్పటి నుంచి గోతంలో కాయలు నలిగే చప్పుడు ఒక్కటే.

"ఎందుకు చెప్పావయ్యా అట్లా?" జయకుమారి చివరికి అడిగింది.

"బస్తా గట్టిగా పట్టుకో."

"నేను పట్టుకునే ఉన్నా. వదిలేసింది నువ్వు."

ప్రభు మోకాళ్ళదాకా కాయల్లో ఉండి, ఇద్దరి మధ్యా తల వంచుకుని తొక్కుతూనే ఉన్నాడు.

"సీసా పెట్టలేదని నన్ను తిట్టిన నోరే గదా అది? నిన్న పొద్దున వాడు చెబుతుంటే విన్నాలే అన్నావు గదా? నీ కడుపున పుట్టినోడిని పదిమందిలో... వాడేం చేశాడని?"

"ఏం చెయ్యలేదు."

"ఆ మాట అక్కడ చెప్పలేదేం?"

"చెబితే శనివారం పోతాడు." ఎలీషా గొంతు పొడిగా ఉంది. "మందలించి వదిలేస్తామన్నారు అయ్యగారు. వదిలేస్తే మంగళగిరి పోతాడు. అక్కడ వీడిని తీసుకుంటారు. తీసుకోకుండా ఉండరు."

"నీకెట్లా తెలుసు తీసుకుంటారని? ఒక్క రోజన్నా చూశావా వాడు ఆడేది?"

"చూశాను."

ప్రభు కాళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"సంక్రాంతి దాటాక ఒక రోజు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే హాలు కిటికీ కనపడుద్ది. వీడు ఆ చివర్నుంచి పరిగెత్తుకుంటా వచ్చి ఎగిరాడు. ఎగిరి అట్లా... కాళ్ళు రెండూ చాపి గాల్లో ఉన్నాడు. నేను గ్లాసు కింద పెట్టేశాను. పక్కనున్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను వాళ్ళతో."

"నువ్వెందుకు నవ్వావు?"

"ఏడిస్తే ఏమనుకుంటారోనని."

గోతం అంచు ఆమె చేతుల్లో బిగుసుకుంది.

"బాగుంది జయా. అంత బాగుంటుందని నేననుకోలా. వీడింక కిందికి రాడేమో అనిపించింది. మా నాయన తొక్కాడు, నేను తొక్కాను. వీడు నాకు తెలియని చోటికి పోతే రేపు ఫోన్ చేసినా ఏం మాట్లాడాలి నేను? కాయ ఎట్లుంది, ధర ఎట్లుంది అని అడుగుతాడు, రెండు రోజులు. తర్వాత?"

"అందుకని వాడి మొహాన మసి పూస్తావా?"

"ఒక ఆదివారం నిలబడతాడు. అంతే గదా అనుకున్నా. నాలుగు రోజులకి మర్చిపోతారు అనుకున్నా."

"ఎవరు మర్చిపోతారు? సంజీవరావు మర్చిపోతాడా? రేపు వీడికి పిల్లనిచ్చేవాడు మర్చిపోతాడా?" అంది జయకుమారి. "నువ్వు చెప్పావు. నేను సగం లేచి కూర్చున్నాను. ఇద్దరం కలిసే చేశాంలే."

వాళ్ళిద్దరూ అప్పుడు ఒక్కసారే బస్తాలోకి చూశారు. ప్రభు తొక్కడం ఆపేసి నిలబడ్డాడు. బస్తా నిండలేదు.

"నువ్వెందుకు ఊరుకున్నావురా?" తల్లి అడిగింది. "నాన్న చెప్పేది నిజం కాదని ఒక్క మాట అంటే ఏమయ్యేది?"

"నాన్న అబద్ధం చెబుతున్నాడని అంతమందిలో ఎట్లా అననమ్మా?"

ఎలీషా గోతం అంచు వదిలేశాడు. ఒకవైపు వాలిన గోతంలోంచి కాయలు జారి అతని పాదాల మీద పడ్డాయి.

*

ఎండ తగ్గుతుండగా క్రిస్టీనా స్కూటీ కల్లం గట్టు దగ్గర ఆగింది. ఆమె లోపలికి రాలేదు. జయకుమారే ఎదురు వెళ్ళింది.

"హాలు తాళం చెవి అయ్యగారికి ఇచ్చేసి వస్తున్నాను వదినా. గొట్టం రేపు ఊడదీస్తారంట." ఆమె ముఖం వాడిపోయి ఉంది. "ప్రభు ఎట్లా ఉన్నాడు?"

"పని చేస్తున్నాడు."

"రేపు పొద్దున ఏడింటి బస్సుకి పేటలో ఎక్కాలి. తల్లో తండ్రో వెంట రావాలి. కానీ..." ఆగింది. "అది ఆడపిల్లలు కూడా ఉండే హాస్టలు. పిల్లాడి సంగతి ఊళ్ళో వాకబు చేస్తారు. అయ్యగారికి ఫోన్ చేస్తారు. ఆయన అబద్ధం చెప్పరు, ఆయనకి తెలిసిందే చెబుతారు."

జయకుమారి వెనక్కి తిరిగి చూసింది. ఎలీషా వింటున్నాడు.

"ఎలీషా అన్నా," క్రిస్టీనా అక్కడినుంచే పిలిచింది. "నాకు మీ మీద కోపం లేదు. మా నాన్న కూడా నన్ను బెంగళూరు పంపడానికి ఏడ్చాడు. కానీ ఈ సాయంత్రం మీరు ఒక్కసారి అయ్యగారి దగ్గరికి వెళ్ళి వస్తే చాలు. మీరు చెబితేనే వింటారు. నేను చెప్పాను, వినలేదు. వీళ్ళమ్మ చెప్పినా వినరు, తల్లి గదా, కొడుకుని వెనకేసుకొస్తుంది అంటారు."

ఎలీషా కింద పడిన కాయలు ఏరుతున్నాడు.

"రేపు బండి వస్తుందమ్మా," అన్నాడు. "బస్తాలు మిర్చి యార్డుకి పోవాలి."

క్రిస్టీనా ప్రభు వైపు చూసి చెయ్యి ఊపబోయి, ఊపలేదు. స్కూటీ తిప్పుకుని వెళ్ళిపోయింది. దుమ్ము తగ్గేదాకా ప్రభు ఆ దారి చూస్తూనే ఉన్నాడు.

చివరి బస్తా కుట్టడం అయ్యాక జయకుమారి కాయ ఆరబోసిన పట్టాలు మడుస్తోంది. ఎలీషా సంచి దగ్గరికి వెళ్ళాడు. ఇవాళ సీసా ఉంది. పొద్దున అన్నిటికంటే ముందు ఆమె పెట్టింది అదే.

సీసా పట్టుకుని అతను కొడుకు ముందుకొచ్చాడు. మోకాళ్ళు లొంగవు. అయినా ఒక చెయ్యి నేలకి ఆనించి, మెల్లగా, కిందికంటా కూర్చున్నాడు. ప్రభు చిన్నప్పుడు మొదటిసారి కల్లానికి వచ్చిన రోజు కూడా అట్లాగే కూర్చుని వాడి పాదాలకి నూనె రాశాడు. జయకుమారికి గుర్తుంది. ఆమె చేతిలో పట్టా అట్లాగే ఉండిపోయింది.

అరచేతిలో నూనె పోసుకున్నాడు ఎలీషా. ఎర్రబడిన ఆ పాదం వైపు చెయ్యి చాపాడు. తల ఎత్తకుండా అడిగాడు.

"ఏడింటికేనా బస్సు, ఆ అమ్మ చెప్పింది?"



ప్రభు పాదం వెనక్కి తీసుకున్నాడు. విదిలించినట్టు కాదు. వేడి తగిలితే తీసుకున్నట్టు.

"మొన్న రాసుకున్నాను కదా నాన్నా," అన్నాడు.

చెప్పులు అక్కడే వదిలేసి గట్టు ఎక్కాడు. రెండు అడుగులు వేసి, రెండు చేతులూ ఎత్తి ముఖం గట్టిగా తుడుచుకున్నాడు.

"ఒరేయ్, చేతులు!" జయకుమారి కేక పెట్టింది. "చేతులకి కారం ఉందిరా!"

అతను ఆగలేదు. కళ్ళు మూసుకునే నడుస్తున్నాడు, ఇంటి వైపు కాదు, పేట రోడ్డు వైపు. ఆమె పట్టా పడేసి వెనకాల పరిగెత్తింది.

ఎలీషా లేవబోయాడు. మోకాలు లొంగలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. అరచేతిలో నూనె వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్క చుక్కా కింద మిగిలిన మిరపకాయల మీదికి కారుతోంది.